సికు అని పిలిచిన మార్తమ్మ టీచర్

డిసెంబరు, ఆదివారం, కోదాడ. ఉన్నవారు: మార్తమ్మ టీచర్ తమ్ముడు, ఇంటి యజమాని వెంకన్న, నేను, సికు.

టీచర్‌ను సమాధి చేసి వచ్చిన సాయంత్రం డైరీలో రాసుకున్నది ఆ ఒక్క ముక్కే. ఇవాళ సూర్యాపేటలో మా అరుగు మీదికి వానకు తడిసిన కుక్క ఒకటి ఎక్కింది. ఆ తడి వాసనకు లేచి పాత డైరీ తీశాను.

మునగాల బడిలో ఆమె సాంఘికశాస్త్రం చెప్పేవారు. నేను అక్కడే కొత్తగా చేరిన టీచర్ని. ఆమె ఉత్తర ధ్రువం దగ్గర మంచు మీద బతికే ఇనూయిట్ జనం గురించి పుస్తకాలు తెప్పించుకుని చదివేవారు. చేరదీసిన వీధికుక్కలకు వాళ్ల భాషలోంచే పేర్లు పెట్టేవారు. అనురి అంటే గాలి, నూనా అంటే నేల. ఆమె పుస్తకంలో చూసి నేనూ నా కుక్కపిల్లకు సెడ్నా అని పెట్టాను.

"అదెవరో సదివినవా?" అని అడిగారు.

"పేరు బాగుందని పెట్టిన మేడం."

"వాళ్ల సముద్రపు తల్లి. మీ మైసమ్మ పేరు కుక్కకు పెట్టి, బొక్కలేసి పిలుస్తవా సారూ?"

"వాళ్లేమన్న గీడికొచ్చి వింటరా మేడం?"

"రారు. అందుకే మనం జర భయంగ ఉండాలె."

చనిపోయిన పెద్దల పేర్లు వాళ్లు పసిపిల్లలకు పెట్టుకుంటారనీ, అందుకే వాళ్ల మనుషుల పేర్లూ కుక్కలకు పెట్టొద్దనీ చెప్పారు. సాయంత్రానికి నా కుక్కపిల్ల పేరు మారింది. పరాయివాళ్ల మాట ఏది వాడాలన్నా, అది వాళ్లకు ఏమవుతుందో ఈనాటికీ ముందు అడిగి తెలుసుకుంటాను.

రిటైరయ్యాక కోదాడలో కిరాయికి ఉన్నారు. అప్పటి కుక్క సికు. అంటే సముద్రం మీద గడ్డకట్టిన మంచు. "ఈ ఎండలల్ల పిలిస్తెనన్న సల్లగుంటది" అనేవారు. మిర్యాలగూడ దవాఖానలో చివరిసారి చూసినప్పుడు తన జబ్బు మాటే ఎత్తలేదు.

"సికును తీస్కపో. పేరు మాత్రం మార్సకు. ముసలోడైండు, కొత్తది నేర్వడు."

సమాధి నాటి సాయంత్రం ఎంత పిలిచినా సికు ఆమె గది గడప మీది నుంచి తల ఎత్తలేదు. దగ్గరికి పోతే గుర్రుమన్నాడు. ఆమె తమ్ముడు తనకు కుక్కలు పడవని ముందే చెప్పేశాడు.

"రేపు పొద్దున దాకా చూస్తా సారూ," అన్నాడు వెంకన్న. "కొత్తోళ్లు దిగుతున్నారు. మీతో రాకపోతే హైవే మీద వదిలేసి వస్తా."

ఆ హైవే మీద లారీలు ఎలా పోతాయో మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఉదయం ఆటోను వీధిలో నిలిపి, గేటు దగ్గర నుంచి, టీచర్ పిలిచినట్టే "సికూ" అని పిలిచాను. సికు లేచాడు. తోక ఊపుతూ వచ్చి నన్ను దాటిపోయాడు. నా వెనుక వీధిని అటు చివర నుంచి ఇటు చివర దాకా చూశాడు. చాలాసేపు నిలబడ్డాడు. తోక ఆగింది. తర్వాత తనే ఆటో ఎక్కి, నాకు వీపు పెట్టి పడుకున్నాడు. మునగాల దాటిపోయినా నేను మళ్లీ ఆ పేరు పెట్టి పిలవలేదు.