ఖాళీ గళ్లు

నేను గీసే గీత మీద నాకు మొదటినుంచీ కాస్త పొగరు. డెబ్బైల చివర కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక ఎలక్ట్రానిక్ చిప్పుల కంపెనీలో సర్క్యూట్ల లేఅవుట్లు గీసే ఉద్యోగం నాది. ఇప్పుడు కంప్యూటర్ చేసే పనిని అప్పుడు పెద్ద బల్లల మీద ప్లాస్టిక్ షీట్లు పరిచి పెన్సిల్‌తో చేసేవాళ్లం. వెంట్రుకవాసి ఖాళీ మిగిలినా మా సూపర్‌వైజర్ ఊరుకునేవాడు కాదు. స్థలం వృథా చేయడం అక్కడ అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ తప్పు నేను ఎన్నడూ చేయలేదని ఆఫీసులో చెప్పుకునేవారు. నేనూ చెప్పుకునేదాన్ని.

మా పై అంతస్తులో ఒక స్పెయిన్ దేశస్థుడు ఉండేవాడు. శాక్సఫోన్ వాయించేవాడు, జాజ్ సంగీతం రాసేవాడు. నలభై దాటినవాడు, ఒంటరి. చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది లేకుండా బట్టల క్లోజెట్‌లో, కోట్ల మధ్య నిలబడి సాధన చేసేవాడు. ఆయన కథ మెట్ల దగ్గరా లాండ్రీ గదిలోనూ ముక్కలు ముక్కలుగా విన్నాను. తండ్రి ఊరి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడట. ఊరేగింపుల్లో తండ్రి వెనకాల నడుస్తూనే ఈయన సంగీతం నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లకు రేడియోలో జాజ్ విని ఇక ఊరేగింపులు చాలనుకున్నాడు. ఓడల్లో, హోటళ్లలో వాయిస్తూ అమెరికా చేరాడు. ఇక్కడ శని, ఆదివారాలు పెళ్లిళ్లు, మిగతా రోజులు వాయిద్యాల షాపులో పిల్లలకు పాఠాలు. పెళ్లిళ్లలో ఆయన రాసింది వాయించమని ఎవరూ అడగరు. పదిహేనేళ్లలో సొంత సంగీతంతో ఒక్క రికార్డూ రాలేదు.

చివరికి ఒక అవకాశం వచ్చింది. దగ్గర్లోని కాలేజీ హాల్లో, తనతో కలిపి ఎనిమిది మందితో తన సంగీతం వాయించబోతున్నాడు. వినడానికి రికార్డుల కంపెనీ మనిషి ఒకతను వస్తానన్నాడు. నచ్చితే రికార్డు. నచ్చకపోతే తిరుగు ప్రయాణం. ఊరి బ్యాండుకు మాస్టారుగా రమ్మని తండ్రి అప్పటికే ఉత్తరాలు రాస్తున్నాడు. "నాకు ఈ ఒక్క సాయంత్రమే ఉంది," అన్నాడు, వాషింగ్ మెషీన్ మీద చెయ్యి వేసి.

ఆయన రాసిన పెద్ద కాగితాల్లో ఎనిమిది మంది వాయించేదీ ఒకదాని కింద ఒకటి ఉంటుంది. అందులోంచి ఎవరిది వాళ్లకు విడిగా ఎత్తి రాయాలి. ఆయన రాత కోడి కెలికినట్టు ఉండేది. నేను రాసిపెడతానని నేనే అన్నాను.

మా ఆయన నవ్వాడు. "నువ్వు డ్రా చేసేది చిప్స్, మ్యూజిక్ కాదే. తెలీని పనిలో వేలు పెట్టకు."

"చిన్నప్పుడు నాలుగేళ్లు వీణ నేర్చుకున్నానండీ," అన్నాను.

మూడు వారాలు, ఆఫీసు నుంచి రాగానే కూర్చుని రాశాను. చుక్కలు గుండ్రంగా, తోకలు నిటారుగా, అచ్చు వేసినట్టు వచ్చాయి. అయితే ఒకటి నాకు నచ్చలేదు. వాళ్ల సంగీతాన్ని కాగితం మీద తాళం ప్రకారం గళ్లుగా విడగొట్టి రాస్తారు. ట్రంపెట్ అతనికి ఒకచోట పద్నాలుగు గళ్లు ఖాళీ. ట్రాంబోన్ అతనికి ఇంకోచోట ఇరవై. మొత్తం మూడు భాగాల్లో మూడోది నెమ్మదిగా సాగేది, అందులో సగానికి సగం ఖాళీలే. ఏమీ లేనిదానికి ఇంత కాగితమా అనుకున్నాను. మన కచేరీల్లో వయొలిన్ ఆయన పాడేవాళ్ల మొహం చూసి అందుకుంటాడు కదా, వీళ్లూ అంతేననుకున్నాను. ఖాళీ గళ్లన్నీ తీసేశాను. పేజీలు బాగా తగ్గాయి. ఆయన తిరగేసి, "ఎంత అందంగా ఉంది!" అన్నాడు. గళ్లు లెక్కపెట్టలేదు. నేను పొంగిపోయాను.

కచేరీకి ముందురోజు మధ్యాహ్నం రిహార్సల్. ఆ ఎనిమిది మందీ ఒక్కచోట దొరికేది ఆ మూడు గంటలే. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మొదటి పేజీ బాగానే నడిచింది. తర్వాత ట్రంపెట్ అతను ఎంతో ముందే అందుకున్నాడు. వెంటనే ట్రాంబోన్. ఎవరి గోల వాళ్లది, చేపల మార్కెట్‌లా అయింది. ఆపి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అంతే. ఆయన లేచి వాళ్ల కాగితాలను తన పెద్ద కాగితం పక్కన పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఖాళీవి ఏవి?"

"తీసేశాను," అన్నాను. "వాటిలో ఏమీ లేదు కదా."

ట్రంపెట్ అతను పగలబడి నవ్వాడు. ఇక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడరని, ఎవరి ఖాళీలు వాళ్లు మనసులో లెక్కపెట్టుకుని తమ వంతుకు వస్తారని ఆయన చెప్పాడు. గొంతు పెంచలేదు, పెంచడానికి టైం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మొదటి రెండు భాగాల్లో ఖాళీలు తిరిగి పెట్టడానికే గంటన్నర పట్టింది. అవి రెండూ ఎలాగో వాయించుకున్నారు. మూడోదానికి టైం చాలలేదు, ముట్టుకోలేదు. ఈ దేశం వచ్చాక రాసినవాటిలో తనకు నిజంగా నచ్చింది అదొక్కటేనని ఆయన అంతకుముందు చాలాసార్లు అన్నాడు. మర్నాడు సాయంత్రం అది లేకుండానే కచేరీ అయిపోయింది. రికార్డుల మనిషి చెయ్యి కలిపి, బాగానే ఉంది, కానీ ఇలాంటివి రాసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు అనేసి వెళ్లిపోయాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

నెల రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను. బట్టలు ఉతకడానికి వేరే వీధిలోని లాండ్రీకి వెళ్లేదాన్ని. "నీ ఫాల్ట్ కాదులే, ఆయనే చెక్ చేసుకోవాల్సింది," అని మా ఆయన రోజూ అనేవాడు. ఆఫీసులో స్నేహితురాలూ అదే అంది. ఎవరెన్ని చెప్పినా నా మనసు కుదుటపడలేదు.

ఒక ఆదివారం ఆయనే మా తలుపు తట్టాడు. టికెట్ బుక్ చేసుకున్నానని, మూడు వారాల్లో వెళ్లిపోతున్నానని చెప్పాడు.

"నా వల్లే కదా?" అని అడిగాను.

మర్యాదస్థుడు కదా, కాదంటాడనుకున్నాను.

"అవును," అన్నాడు. "మీ వల్లా. చూసుకోకుండా తీసుకున్నాను గనక నా వల్లా."

మా ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. నాకు మాత్రం నెల తర్వాత మొదటిసారి ఊపిరాడింది. ఏడుపు కూడా వచ్చేసింది. ఆయన చంకలోంచి మూడో భాగం పెద్ద కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మళ్లీ రాసిపెట్టండి. మా ఊరి బ్యాండు వాళ్లకు గొప్పగా వాయించడం రాదు. కానీ ఖాళీలు లెక్కపెట్టడం వచ్చు."

రాశాను. ఏమీ లేని గడిని కూడా వదలకుండా రాశాను. ప్రయాణానికి ముందురోజు వచ్చి కాగితాలు అందుకున్నాడు. ఈసారి అందం సంగతి ఎత్తలేదు. మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఎనిమిది మందివీ ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి లెక్కపెట్టాడు. గంట పైనే పట్టింది. అయిందాకా నేను ఎదురుగానే కూర్చున్నాను. ఒక్కటి కూడా తగ్గలేదు.