కాశీబుగ్గ రోడ్డు, మంగ వేసింది

మంగకి మొండితనం పుట్టుకతోనే వచ్చిందని వాళ్లత్త దాలమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. ఆ మొండితనమే లేకపోతే, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసుకునే ఉద్దానం మనిషి నలభై దాటాక కుంచె పట్టేదా?

పట్టింది. ఫ్లెక్సీలు రాకముందు పలాసలో సగం షాపుల బోర్డులు రాసిన తారకేశ్వరరావు మాస్టారు ఇప్పుడు ఆదివారాలు ఆయిల్ పెయింటింగ్ నేర్పుతున్నాడు. మంగ వెళ్లి కూర్చుంది. ఉద్దానం దానివి కదా, కొబ్బరితోట వెయ్యి, తేలిక అన్నాడాయన. తోటలు నేను పుట్టిన కాణ్ణుంచీ చూస్తూనే ఉన్నాను, నాకు రోడ్డు కావాలంది. పొద్దున్నే తను ఫ్యాక్టరీకి నడిచే రోడ్డు. కరెంటు తీగలు, ఆటోలు, చెత్తకుప్ప, పొగగొట్టం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు.

మొదటి బొమ్మ గోవిందా. రంగుల్లో నూనె కలపాలని విని, ఇంట్లో ఆడించిన కొబ్బరినూనె ఉండగా ఇంకోటి కొనడమెందుకని అదే కలిపేసింది మహాతల్లి. నెల గడిచినా ఆరదే! ఇంట్లో దుమ్మంతా దానికే అంటుకుంది, పక్కింటి పిల్లి తోకకి ఆకాశం అంటుకుంది. మాస్టారు వేలు పెట్టి చూసి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. అవిసెనూనె గాలికి గట్టిపడుతుందమ్మా, కొబ్బరినూనె ఎన్నాళ్లున్నా అంతే అన్నాడు. మంగకి ఒళ్లు మండింది. బొమ్మంతా చాకుతో గీకిపారేసి మళ్లీ మొదలెట్టింది.

ఈసారి తొందరపడలేదు. నీడంటే నలుపు కాదని మాస్టారు చెబితే నమ్మలేదు. రోడ్డు పక్కన నిలబడి, అందులో వంకాయరంగు తన కళ్లతో చూశాకే నమ్మింది. దూరం పోయేకొద్దీ మేడలు వెలిసిపోవాలని తెలుసుకుంది. చివరికి కుడి మూల, డ్యూటీకి నడిచే ఆడవాళ్లని వేసింది. వాళ్లలో తనూ ఉంది.

టెక్కలిలో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. తన పేరుతో తన బొమ్మ అక్కడి గోడకెక్కాలి, మంగకి ఇంకేమీ అక్కర్లేదు. ప్రదర్శన రోజు పొద్దున్నే మాస్టారితో కలిసి బొమ్మ అక్కడికి పట్టుకెళ్లింది. ప్రదర్శన పెట్టే జగదీశ్వరరావుగారు చూసి బాగుందన్నాడు, బాగుందంటూనే మూతి విరిచాడు. మన ప్రాంతం అందం చూపించాలి గానీ ఈ చెత్తా పొగా ఏమిటి, కుడి మూల రెండు కొబ్బరిచెట్లు వేసేస్తే తగిలించేద్దాం అన్నాడు. పాపం, మాస్టారికీ ఆశే. ఎలాగోలా గోడకెక్కితే చాలని తనే కుంచె తీశాడు.

మంగ ఆయన చెయ్యి పట్టుకుంది.

"అక్కడ సెట్టు నేదు మాస్టారూ. మేమున్నాం. మమ్మల్ని కప్పెట్టేసిన బొమ్మ గోడకెక్కితే ఏటి, ఎక్కకపోతే ఏటి?"

అయితే చోటు లేదన్నాడు జగదీశ్వరరావు. లేకపోతే పీడా పోయింది. మంగ బొమ్మ చంకన పెట్టుకుని బయటికొచ్చి, గేటు పక్కన ప్రహరీకి ఆనించి, దాని పక్కనే నిలబడింది. దారినపోయేవాళ్లు ఆగి చూశారు, కొందరు నవ్వుకుంటూ పోయారు. అయినా మంగ కదల్లేదు.

మధ్యాహ్నం, మంగ బొమ్మ చూద్దామని ఫ్యాక్టరీ ఆడవాళ్లు బస్సు దిగారు. మంగ పక్కనే కూర్చుని ఏళ్ల తరబడి పొట్టు తీస్తున్న బుచ్చమ్మ, బొమ్మలోని పచ్చచీర చూసి తనని తాను పోల్చుకుంది.

"నానింత నిటారుగా నడుత్తానేటే?" అంది నమ్మలేక.

"నడుత్తావు," అంది మంగ. "రోజూ ఎనకాల్నుంచి సూత్తన్నాను కదా."