తగ్గడం వేరు, పడిపోవడం వేరు

చందానగర్‌లో మా పై ఫ్లాటు సారు మొన్న ఆదివారం తెల్లారేసరికి పోయారు, నిద్రలోనే. బాచుపల్లిలో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మాకు చుట్టం కాదు. కానీ ఆయన లేకపోతే మా అమ్మాయి మాకు దక్కేది కాదు.

మా అమ్మాయికి చిన్నప్పుడే షుగర్ వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు, సూదితో ఇవ్వాలి. అదంతా మాకు కొత్తగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్ల చెమటలు కక్కుతూ వణుకుతోంది. షుగర్ చూసే మిషన్‌లో అంకె బాగా కిందికి ఉంది.

"షుగర్ తగ్గిందా, వెంకన్న దయ" అని మా అత్తగారు దండం పెట్టుకున్నారు. మా ఇళ్లలో షుగర్ తగ్గిందంటే శుభవార్తే మరి. నాకేదో తేడాగా అనిపించి సారును పిలిచాను.

"తగ్గుడు కాదమ్మా, పడిపోయింది. జల్ది చక్కెర నీళ్లు కలుపు" అన్నారాయన.

"షుగర్ పిల్లకు చక్కెరేంటండీ?" అంటూ అత్తగారు అడ్డం వచ్చారు.

"ఇప్పుడు అదే మందు. జర జరుగుండ్రి."

పిల్ల తేరుకున్నాక నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. "ఒళ్లు ఎండకు చెమట పోస్తది, చలికి వణుకుతది. ఎక్కువైతే దించుతది, తక్కువైతే ఎక్కిస్తది. ఒళ్లు చేసే గన్ని పనులల్ల ఒక్కటే మన చేతికొచ్చింది. మిగిలినయన్నీ అదే చూసుకుంటున్నది గదా, ఫికర్ ఎందుకు?"

లిఫ్టు ఉన్నా ఆయన మెట్లే ఎక్కేవారు. పైకొచ్చాక మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిలబడి, "చూడు, మల్ల దారికొస్తున్నది" అని మా అమ్మాయికి చూపించేవారు. ఆయన టీలో మూడు చెంచాల చక్కెర పడాలి. "నీ వంతు కూడా నేనే తింటున్న బిడ్డా" అని ఆటపట్టించేవారు. దానికి తన జబ్బంటే భయం పోయింది ఆయన వల్లే.

ఆదివారం మా అమ్మాయి సూది వేసుకుంటుండగానే కబురొచ్చింది. సూది పడ్డాక తినకపోతే షుగర్ పడిపోతుందన్న సంగతే మరిచి, టిఫిన్ తినకుండా పైకి పరుగెత్తింది. వెనకే నేనూ వెళ్లాను. పొయ్యి వెలగని ఇల్లు, తిండి మాట ఎవరెత్తుతారు? సారు గుండె మీద తల పెట్టి ఏడుస్తున్న ఆయన భార్య, మా అమ్మాయి ఆంటీ అని పిలిచే ఆవిడ, ఉన్నట్టుండి తలెత్తి మా అమ్మాయిని చూశారు.

"సూది వేసుకున్నవా బిడ్డా? ఏమన్న తిన్నవా?"

సూదికి అవునని, తిండికి లేదని తల ఊపింది.

"శవం లేసేదాక ముద్ద ముట్టొద్దు" అన్నారెవరో పెద్దాయన.

ఆంటీ వినిపించుకోలేదు. లేచి లోపలికి వెళ్లి బిస్కెట్లు, నీళ్లు తెచ్చారు. మా అమ్మాయి సారు పక్కనే కూర్చుని, ఏడుస్తూనే నమిలింది. ఆంటీ ఒక చెయ్యి ఆయన మీద వేసి, రెండో చేత్తో దాని నోటికి గ్లాసు అందించారు.