పైపు లేని బోరు

ఎన్నో ఏళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. రాయవలసి ఉండి, నేను రాయని వాక్యం. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నాది భూగర్భజలాల శాఖలో ఉద్యోగం. కొలవనిదే దేన్నీ నమ్మడని నాకు పేరు. ఎండిన బోర్లన్నీ మూయించి, ఒక్కొక్క దానికీ బాధ్యుల పేరు నమోదు చేయాలని ఉత్తర్వు వచ్చింది. వేయించినవారే బాధ్యులు, వారే మూయాలి.

ఆదోని, ఎమ్మిగనూరు మధ్య ఒక పల్లెలో సుంకమ్మ కౌలు పొలానికి వెళ్లాను. భర్త గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయాడు. బోరు అతను వేయించిందే. కానీ లోపల దింపిన ఇనుప పైపు లేదు. నేల మీద దాన్ని ట్రాక్టరుతో ఈడ్చుకుపోయిన చాళ్లున్నాయి. పక్కనే, ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఆ భూయజమాని వేయించుకున్న కొత్త బోరు దగ్గర, నల్లమట్టి అంటిన పాత పైపు కనిపించింది. టేపు పెట్టాను. సుంకమ్మ బోరుకు సరిపోయే కొలతే. భర్త గుర్తుగా పెట్టాడని సుంకమ్మ చెప్పిన మూడు ఉలిగాట్లూ అంచున ఉన్నాయి.

పాత ఇనుము కొట్టులో కొన్నానన్నాడు యజమాని. రసీదు అడగలేదు. ఎందుకు? భయమని చెప్పుకుంటే కొంత మర్యాదగా ఉండేది. భయం కాదు. అతని ఇంట మజ్జిగ తాగుతూ, చదువుకున్నవాడితో మాట్లాడుతున్నానన్న సుఖం.

"బోరు మావోడే ఏపిచ్చినాడు సార్, కాదన్లేదు," అంది సుంకమ్మ. "పైపు పీకినోళ్ల పేరు మీ పుస్తకంలో యాడ రాస్తారు?"

"పీకుతుండగా చూసినవారు కావాలమ్మా."

"ఆ టేపు ఆటకు తెచ్చినారా సార్?"

ఆమె భర్త పేరు రాశాను.

పైపు తీసిన బోరు చుట్టూ నేల లోలోపల గుల్లబారుతుందని నాకు తెలుసు. అది రాస్తే, పైపు తీసినవారెవరన్న ప్రశ్న వస్తుంది. రాయలేదు. నోటితోనైనా చెప్పలేదు. నోటీసు అందాక, కేసు పెడతారని భయపడి ఆమె ఒంటరిగా గంపలతో మట్టి పోసింది. అంచు విరిగి నడుము దాకా దిగబడింది. తుంటి విరిగింది. బతికింది కానీ, మళ్లీ పత్తిచేలో వంగలేకపోయింది.

మిగతా మట్టి ఊరివాళ్లు పోశారు. "బోరు మూయబడింది" అని సంతకం చేశాను. ఆ రికార్డులో ఒక్క అబద్ధం లేదు.

బోరు భర్తే వేయించాడనడానికి ఆమె మాట ఒక్కటే చాలిన నాకు, పైపు పీకారనడానికి చాళ్లు, కొలత, గాట్లు, ఆమె మాట, అన్నీ కలిసినా ఎందుకు చాలలేదు? దాన్ని సందేహమంటారా? ఒక వైపే చూసే సందేహం ఏ శాస్త్రం?

ఆ వాక్యం ఇది: పైపు పీకించింది భూయజమాని అని నాకు ఆ రోజే తెలుసు.

రాశాక చేయి తేలికైంది. అదీ నాకే.