ఆ ఒక్క మాటను ఎవ్వరూ అందించలేదు

నా పేరు నేనే చెప్పుకోలేని రోజులు ఉండేవి సహోదరీ సహోదరులారా! తలలో పేరు ఉంది, ఊరు ఉంది, పిలవాలనుకున్న ప్రతి మనిషీ ఉన్నాడు, నోరు తెరిస్తే మాత్రం గాలి తప్ప ఏమీ రాదు, ఎదుటివాళ్ళు నా ముఖంలోకి జాలిగా చూస్తారు, నేను కళ్ళు దించుకుంటాను. ఆ చీకటిలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో, ఎంత చిత్రమైన దారిలో తెచ్చాడో చెప్పాలని ఎన్నాళ్ళుగానో నా ప్రాణం కొట్టుకుంటోంది.

నా పేరు సుగుణ, మాది ఎల్లారెడ్డి. ఈ సంగతులు నేను మధ్యాహ్నం పూట కూర్చుని నెమ్మదిగా చెబుతుంటే, కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్న మా బిడ్డ కీర్తన సెలవులకు వచ్చి రాసింది. నేను చెప్పింది మా ఇంటి భాషలో, అది రాసింది పుస్తకాల భాషలో, కాబట్టి ఎక్కడైనా నేను మరీ చదువుకున్నదానిలా కనబడితే ఆ తప్పు నాది కాదు.

నేను అంగట్లో కూరగాయలు అమ్మేదాన్ని. నా గొంతు విని అంగడి ఈ చివర ఉన్నానని ఆ చివరివాళ్ళు చెప్పేవారు. చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థన నేను మొదలుపెడితే మిగతావాళ్ళు మోకాళ్ళు మార్చుకోవాల్సిందే! మా ఆయన రాజయ్య తాపీ మేస్త్రీ, మాట తక్కువ మనిషి, పనినుంచి వచ్చి నా మాటలు విని విని "నీ నోటికి తాళమెయ్యాలెనే" అని నవ్వేవాడు. ఆ మాట తర్వాత ఎంత ఏడిపించిందో ఆయనకే తెలుసు.

ఒక పొద్దున ఒక ముసలామె నా ముందు కూర్చుని "వంకాయలు ఎట్లిస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. ఎంతకిస్తానో చెబుదామని నోరు తెరిచాను. రాలేదు! కుడిచేతిలోంచి తక్కెడ జారిపోయింది, మూతి ఒక పక్కకు లాగేసింది, నేను కూరగాయల మీదే ఒరిగిపోయాను.

పక్షవాతమని అందరికీ అర్థమైంది, కానీ చేయవలసింది చేయకుండా మావాళ్ళు చేసిందేమిటో వినండి. నేరుగా కామారెడ్డి తీసుకుపోవాల్సింది పోయి, పావురం నెత్తురు పూస్తే పట్టు వదులుతుందని ఎవరో అంటే బుట్టలో పావురాలు తెచ్చారు, కోశారు, ఆ వేడి నెత్తురు నా చేతికీ కాలికీ రుద్ది ఎండలో కూర్చోబెట్టారు. పరిశుద్ధాత్మ పావురంలా దిగివచ్చాడని చర్చిలో వింటాం, ఇంటికొచ్చి ఆ పావురాన్నే కోసి నాకు పూశారు! నోరుంటే నాలుగు తిట్టేదాన్ని. ఇంకొకరు జుక్కల్ దాటి పోతే చెట్టుమందు ఇస్తారంటే అక్కడికీ మోసుకుపోయారు. ఇవన్నీ అయ్యాకే పెద్దాసుపత్రి చూశాను. ఇంకొంచెం ముందు తేవాల్సింది అని డాక్టరు అన్నాడు.

అయినా దేవుడు ప్రాణం నిలిపాడు. కాలు వచ్చింది, చెయ్యి సగం వచ్చింది, మాట మాత్రం రాలేదు. ఆసుపత్రి మంచం మీద పడుకుని నేను లోపల్లోపలే ప్రార్థన చేసుకున్నాను. "ప్రభువా, నా దగ్గర మాటలు లేవు, నా మనసులో ఏముందో నువ్వే చూసుకో. నువ్వు నా నోరు తెరిస్తే నీ మందిరంలో నిలబడి, నువ్వు చేసిన మేలుకు నా సాక్ష్యం నా నోటితోనే చెబుతాను." అదే నా గురి. అది తప్ప నాకు వేరే కోరిక లేదు.

ఇంటికి వచ్చిన ఆదివారం మా ఆయన లేచి నిలబడి, ఎన్నడూ మైకు పట్టని మనిషి, మైకు అందుకుని "మా ఇంటామెను దేవుడు సావు నోట్లకెంచి గుంజుకొచ్చిండు" అని నా సాక్ష్యం తానే చెప్పేశాడు. సంఘమంతా ఆమేన్ అంది, కొందరు ఏడ్చారు, అయిపోయింది! నేను ముందు వరుసలో కూర్చుని కాలిపోయాను. ప్రేమతోనే చెప్పాడు, నాకు తెలుసు, కానీ నేను దేవునితో మాట్లాడుకున్నది నాకూ ప్రభువుకూ మధ్య ఉన్నది, దాన్ని ఎవరో తీసి పంచిపెట్టినట్టయింది.

ఇక ఇంట్లో సంగతి చెప్పాలా! నేను నోరు తెరవగానే చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు అందించేవాళ్ళు. "నీళ్ళా? చాయా? నిద్రొస్తుందా?" నాకు నీళ్ళు కావాలంటే చాయ్ వచ్చేది, బయటికి పోవాలంటే దుప్పటి కప్పేవాళ్ళు. నేను తల అడ్డంగా ఊపితే ఇంకో మాట అందించేవాళ్ళు. చివరికి ఏదిస్తే అది పుచ్చుకుని ఊరుకోవడం నేర్చుకున్నాను. ఎక్కడ ఉజ్జీవ కూటం, స్వస్థత ప్రార్థన జరిగినా ముందు వరుసలో కూర్చోబెట్టేవారు, తలమీద చేతులు పెట్టేవారు, ఒక్కసారిగా అన్ని మాటలూ కుండపోతలా వస్తాయని నేను నోరు తెరుచుకుని ఎదురుచూసేదాన్ని. రానప్పుడల్లా నాలో విశ్వాసం లేదేమోనని ఇంకా కుంగిపోయేదాన్ని. వస్తే అంతా రావాలి, లేకపోతే ఏదీ వద్దు అన్నట్టు మొండికేసి, చివరికి చర్చికి పోవడం కూడా మానేశాను. వచ్చే వారం పోదాంలే అనుకునేదాన్ని, ఆ వారం వచ్చేది కాదు.

అప్పుడు దేవుడు ఎవరిని పంపాడో తెలుసా? పక్కింటి మార్తమ్మ అవ్వను. ఆమెకు చెవులు సరిగా వినబడవు. వేసవికాలం, చింతపండు గింజలు తీయాలని తెచ్చి మా అరుగు మీద పోసుకుని, నాకు తోడుగా కూర్చుని, చేతులు పనిచేస్తుంటే మనం ఎప్పుడూ పాడుకునే పాట ఒకటి ఎత్తుకుంది. నేనూ ఎడమచేత్తో గింజలు తీస్తున్నాను. నా మనసు ఎక్కడో ఉంది. పల్లవి రెండోసారి వచ్చేసరికి పాడుతున్నది ఒక్క గొంతు కాదు.

నేను పాడుతున్నాను! మాటలతో! పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి, ఒక్క మాట తప్పకుండా!

ఆ సమయానికే మా ఆయన గుమ్మంలో అడుగుపెట్టాడు. చేతిలోని టిఫిను డబ్బా కిందపడి దొర్లింది.

"ఏందిరా రాజయ్యా, డబ్బా గట్ల ఇసిరేసినవ్?" అంది అవ్వ.

"అవ్వా, సుగుణ పాడుతుంది! సుగుణ పాడుతుందే అవ్వా!"

"పాడక? ప్రార్థన పాటలు పాడొద్దా ఏంది?" అని అవ్వ గింజలు ఒలుచుకుంటూనే ఉంది. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు. నాకు మాత్రం దేవుడు మా అరుగు మీదే కూర్చున్నాడని అనిపించింది. వెంటనే మా ఆయనను పేరుపెట్టి పిలుద్దామని చూశాను, పాట ఆగిన నోట్లో మళ్ళీ గాలే. పాటైతే వస్తుంది, మాటైతే రాదు! ఇదేమి చిత్రం ప్రభువా అని కూర్చుని ఏడ్చాను.

ఆ సంగతి పట్టుకుని మా ఆయన నన్ను కామారెడ్డిలో మాట నేర్పే మేడం దగ్గరకు తీసుకుపోయాడు. ఆమె పేరు నస్రీన్, కీర్తన కంటే కొంచెం పెద్దదేమో, అంతే. ఆమె విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. తలలో మాట పుట్టే చోటు వేరు, పాట పుట్టే చోటు వేరు, మీకు దెబ్బ తగిలింది మాట ఉన్న పక్క, పాట దారిలోంచే మాటను నడిపించుకొద్దాం అంది. మరి అంగట్లో నేను పడిపోయిన రోజున ఆ పాట గదికి తాళం వేసి కాపాడింది ఎవరు సహోదరులారా? మన పుట్టుకకు ముందే మన తలలో అలా రెండు గదులు కట్టిన మేస్త్రీ ఎవరు? ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా చేతులు వాటంతటవే పైకి లేస్తాయి.

"మీకేం కావాలమ్మా?" అని ఆమె నన్ను అడిగింది. "మునుపటి లెక్క మంచిగ మాట్లాడాలె మేడం" అన్నాడు మా ఆయన. "అన్నా, నిన్ను అడగలే. ఆమెను అడిగిన" అంది ఆ పిల్ల. నేను లేచి నిలబడ్డాను, మైకు పట్టుకున్నట్టు పిడికిలి నోటి దగ్గర పెట్టి, పైకి చూపించి, నా గుండె మీద కొట్టుకున్నాను. మా ఆయన చూసి "సాక్ష్యమా? నేను చెప్పిన కదనే!" అన్నాడు. భుజం మీద ఒక్కటి వేశాను. అప్పుడు ఆయనకు అర్థమైంది, తల దించుకున్నాడు.

"సరే అమ్మా, అదే పెట్టుకుందాం. కానీ అది ఆఖరుకు" అంది నస్రీన్ మేడం. "ఈ వారం నీళ్ళు. నీళ్ళొచ్చినంక మీ బిడ్డ పేరు. తర్వాత బస్సుల ఊరి పేరు. ఇంట్ల ఉన్నోళ్ళకు కూడ పని ఉంది, ఆమె మాట ఎతుకుతుంటే మీరు అందియ్యొద్దు. మీకు తెలిసినా సరే, ఆగుండ్రి."

ఎడమచేత్తో తొడమీద తాళం వేస్తూ "నీ...ళ్ళూ... కా...వాలే..." అని రాగం తీయడం మొదలుపెట్టాను. నవ్వొస్తుందా? నాకూ వచ్చేది. కానీ మా ఇంట్లో అసలు కష్టం నాది కాదు, మా ఆయనది. నేను వెతుకుతుంటే ఆయన పెదవులు కదిలిపోయేవి, ఆపుకోలేక మెడలోని తువ్వాల కొస పళ్ళ మధ్య పెట్టుకుని కొరికేవాడు. ఆ తువ్వాల చివరలు చిరిగిపోయాయి. అలా కొరుకుతూ ఉండగానే ఒకరోజు నేను నీళ్ళు అడిగాను, చెంబు తెచ్చి చేతికిస్తూ ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

అన్నీ అంత సాఫీగా జరగలేదు. నిన్న వచ్చిన మాట ఇవాళ ఉండదు. బస్సులో కండక్టరమ్మ "ఏడికి పోతున్నరు?" అని అడిగితే కామారెడ్డి అనబోయి మాచారెడ్డి అన్నాను. "ఈ బస్సు అటు పోదమ్మా" అందామె, వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంటికొచ్చి గ్లాసు విసిరికొట్టాను, ఇక పోనని మంచం ఎక్కాను. ఆరోజు దేవుని మీద కూడా కోపగించుకున్నాను. "నువ్వు ఒక్క మాట అంటే వెలుగు వచ్చిందే, నాకు ఒక్క మాట ఇవ్వడానికి ఇంత ఆలస్యమా?" అని లోపలే అరిచాను. అలాగే నిద్రపోయాను. కానీ తెల్లారేసరికి నా ఎడమచెయ్యి దుప్పటి మీద తాళం వేస్తోంది. నేను వద్దన్నా నా చెయ్యి మానలేదు! ఆ చేతిని కదిలించింది నేను కాదని ఆ మంచం మీదే నాకు తెలిసింది. ఆ వారం బస్సులో సీటు ఊచ మీద దరువు వేసి "కా...మా...రెడ్డీ" అని పాడాను, కండక్టరమ్మ కూడా అదే రాగంలో "ఇగో టికెట్టూ" అంది. బస్సంతా నవ్వింది, ఈసారి నేనూ నవ్వాను. సెలవులకు కీర్తన బస్సు దిగినప్పుడు దాన్ని పేరుపెట్టి పిలిచాను. అది సంచి కింద పడేసి రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

ఇలా ఒక్కొక్క మాట, ఒక్కొక్క మాట, అడుగు తర్వాత అడుగు, రాగం కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాము. చివరికి ఒక ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పేవారున్నారా అని అడిగితే నేను లేచాను. మా ఆయన అంతకుముందే అందరి కాళ్ళావేళ్ళా పడ్డంత పని చేశాడట: "మా ఆమె ఆగితే మీరు మాట అందియ్యకుండ్రి, దండం పెడుత."

మైకు పట్టుకున్నాను. ఎడమచేత్తో తొడ మీద తాళం.

"నా... పేరు సుగుణ. నేను... అంగట్ల... పడిపోయిన. దేవుడు... నా నోరు... తెరిసిండు. దేవునికే..."

ఆగిపోయింది!

సహోదరులారా, ఆ తర్వాతి మాట ఏదో మీకు తెలుసు. అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు, చిన్నపిల్లలకు కూడా తెలుసు, పొద్దున లేచింది మొదలు మనం అనే మాటే అది. నా తలలోనూ ఉంది, నోటికే రావడం లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. సంఘమంతా పెదవుల చివర ఆ మాటను పట్టుకుని కూర్చుంది, మార్తమ్మ అవ్వ నోటిమీద కొంగు పెట్టుకుంది, మా ఆయన తువ్వాల కొరుకుతున్నాడు, కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఒక్కరూ అందించలేదు. ఒక్కరూ! అంత ప్రేమ నేను పుట్టి ఎరగను. నా దేవుడు నాకోసం ఇన్నాళ్ళూ ఇలాగే ఆగాడు కదా అని ఆ మౌనంలో నాకు అర్థమైంది, నేను పడిపోతే పట్టుకోవడానికి చేతులు చాపి, నా మాటను నాకే ఉంచి, ఎంత ఓపికగా ఆగాడు!

"...మహిమ" అన్నాను. రాగం లేకుండా అన్నాను.

ఆ తర్వాత ఆ మందిరంలో ఏం జరిగిందో కీర్తన రాయలేనంటోంది, అప్పుడూ ఇప్పుడూ దానికి ఏడుపే.

ఇది చదువుతున్న అక్కా, అన్నా, నీ గురి ఎంత పెద్దదైనా దేవుని చేతిలో పెట్టు, ఈ వారానికి మాత్రం నీళ్ళు అడుగు చాలు. నవ్వేవాళ్ళు నవ్వనీ, నిన్నటి మాట ఇవాళ పోతే పోనీ, రేపు నీ చెయ్యి కదిలించేవాడు ఉన్నాడు, ఆయనను నమ్ముకో. నీ ఇంట్లో ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే, నీకు తెలిసినా ఆగు. నాకోసం ఆగిన మా సంఘానికి, నస్రీన్ మేడంకి, చిరిగిన తువ్వాల యజమానికి వందనాలు.

కీర్తన ఇక్కడ పెన్ను ఆపి నా ముఖంలోకి చూస్తోంది. చివరి మాట ఏదో దానికి తెలుసు, మీకూ తెలుసు. కొంచెం ఆగండి, నేనే చెబుతాను.

ఆమేన్.