అరవై పెళ్ళిళ్ళ లెక్క

మా మేనమామ ఇంట్లో పోయినవి లెక్క వేస్తే ఇన్ని: నల్ల చెక్క క్లారినెట్ ఒకటి, ఇత్తడి గుండీల ఎర్ర కోటు ఒకటి, బ్యాండు ముందు వరుసలో కుడి చివరి చోటు, మట్మారిలో వాళ్ళ అరుగు మీద పొద్దున గంటసేపు సాధన, ఆ సాధన వినబడగానే బర్రె పాలు పితకడానికి లేచే పక్కింటామె వేళ. ఈ చివరిది లెక్కలోకి వస్తుందో రాదో గానీ, తన వేళ తప్పిందని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఇవన్నీ మళ్ళీ లెక్కకు వచ్చింది పోయిన నెల, శక్తినగర్‌లో ఒక పెళ్ళిలో. ఊరేగింపు మొదలయ్యే ముందు క్లారినెట్ వాయించే అతను జేబులోంచి రీడు తీసి, నోట్లో నానబెట్టకుండానే బిగించి పాట అందుకున్నాడు. అడిగితే, "ప్లాస్టిక్‌ది సార్, తడుపుడు గిడుపుడు లేదు" అన్నాడు. నేను భోజనానికి నిలవకుండా వచ్చేశాను.

రీడంటే క్లారినెట్ మూతికి బిగించే పలుచని రెల్లు చీలిక. తడిగా ఉంటేనే పలుకుతుంది. మామ దాన్ని నాలుక కింద పెట్టుకుని, ఎవరేమడిగినా తల ఊపేవాడు. అత్త తనకు కావలసినవన్నీ సరిగ్గా అప్పుడే అడిగి ఒప్పించుకునేదని మా ఇళ్ళలో చెప్పుకుని నవ్వేవాళ్ళం.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు పత్తి కాటా దగ్గర నిలబడి సొంతంగా నేర్చుకున్నవి, అందుకే వాటి మీద నమ్మకం ఎక్కువ. ఆరేళ్ళ కిందట మామ వచ్చి, "అల్లుడా, ప్లాస్టిక్ రీడు వచ్చిందంట. ఒకటి తెప్పియ్యరాదు?" అన్నాడు. ఎందుకని అడగలేదు, ధర కనుక్కుని కాగితం మీద లెక్క వేశాను. ఒక్కదాని ధరకు రెల్లువి ఇరవై వస్తాయి. ఒక్కోటి మూడు పెళ్ళిళ్ళకు ఆగుతుంది. అంటే ప్లాస్టిక్‌ది అరవై పెళ్ళిళ్ళు వాయిస్తేనే గిట్టుబాటు. మామకు అరవై నాలుగేళ్ళు. ఏడాదికి పది చొప్పున, మహా అయితే ఇంకో నాలుగేళ్ళు వాయిస్తాడు.

"నలభై మించవు మామా. ఇరవై పెళ్ళిళ్ళు నష్టం."

మామ కాగితం కేసి చూసి నవ్వాడు. "నా ఆఖరి పెండ్లి గూడ హిసాబు చేసి పెట్టినవ్ పో. ఇంక నాకేం ఫికర్?" అని లేచాడు.

ఆ తర్వాత తొమ్మిది పెళ్ళిళ్ళు వాయించాడు. తొమ్మిదోది మస్కిలో, మండుటెండలో ఊరేగింపు. పెళ్ళివారు చుట్టాలు కనుక నేనూ వెంట ఉన్నాను. రీడు కీచుమంది. మామ సీసాలో నీళ్ళతో తడిపాడు. నాలుగడుగులకు మళ్ళీ కీచు. "తాతా, పిల్లి తోక తొక్కినవా ఏంది?" అన్నాడు పెళ్ళికొడుకు స్నేహితుడు. అందరితోపాటు మామ కూడా నవ్వాడు. మూడోసారికి బ్యాండు మాస్టరు ఆయన్ని ఆగమని సైగ చేసి పాటను ట్రంపెట్‌కు అప్పగించాడు. మామ ఎర్ర కోటుతోనే బస్సెక్కాడు. మళ్ళీ క్లారినెట్ పెట్టె తెరవలేదు.

సంగతి అత్త చెప్పింది. "షుగర్ వచ్చినకాడికెల్లి ఆయన నోట్ల తడే లేదు అల్లుడా. ప్లాస్టిక్‌ది ఎండినా పలుకుతదంట, అందుకే అడిగిండు. బ్యాండోళ్ళకు తెలిస్తే పక్కన పెడ్తరని ఎవ్వరికీ చెప్పలే."

"నాకైనా చెప్పొద్దా అత్తా?"

"ఎందుకు మామా అని నువ్వడిగితే గద!"

మర్నాడే తెప్పించే ఏర్పాటు చేశాను. రీడు వచ్చాక పట్టుకెళ్ళి ఇస్తే, మామ వెలుతురుకు ఎత్తి చూసి, గోటితో మీటి, "మంచిగుంది" అని నా చేతిలోనే పెట్టాడు. "ఇంక ముందట నిలవడబుద్ధి అయితలేదురా."

ఆయుష్షు విషయంలో నా లెక్క తప్పలేదు. కాగితం మీద నేను వేసిన నాలుగేళ్ళే మామ బతికాడు. కాలం తన వంతు సరిగ్గానే కొలిచి ఇచ్చింది, నడుమ కోసింది నేను. నలభైలో తొమ్మిది పోను, ఆయనకు నేను బాకీపడ్డ పెళ్ళిళ్ళు ఈ రోజుకీ ముప్పై ఒకటి.