మా అత్తయ్య కడిగిన కోను

ముందే ఒప్పేసుకుంటున్నాను: నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. మా ఇంటి పిల్లి గురించి మొదలుపెట్టినా, భోజనాలయ్యేసరికి అది పెద్దపులై గోదావరి ఈదేస్తుంది. కనుక ఇందులో సగం కొట్టేసి చదువుకోండి. ఏ సగమన్నది చివర్లో చెప్తాను. చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది.

మొన్న అమలాపురంలో మా మేనత్త మనవరాలి పెళ్ళి. సాయంత్రం విందులో పందిరి చివర ఐస్‌క్రీమ్ కౌంటరు పెట్టారు. కోన్లు ఒకదానిలో ఒకటి దూర్చి కొబ్బరిచెట్టంత ఎత్తున నిలబెట్టారు. రావులపాలెం నుంచి వచ్చిన మగపెళ్ళివారు చుట్టూ చేరారు. చేతిలో కోను, ఎదురుగా కొత్త శ్రోతలు. నా నోరు ఊరుకుంటుందా? కోను చరిత్ర ఎత్తుకున్నాను.

అమెరికాలో ఏదో పెద్ద ఎగ్జిబిషన్లో ఐస్‌క్రీమ్ అమ్మేవాడికి గిన్నెలు అయిపోయాయట. పక్క కొట్టులో పలచటి తీపి అట్లు పోసేవాడు, వేడివేడి అట్టును పొట్లంలా చుట్టి ఇచ్చాడట. 'ఆ చుట్టింది నేనే' అంటూ తర్వాత బోలెడుమంది బయల్దేరారట. ఇంతవరకూ లోకం చెప్పుకునేదే. "చుట్టడం కూడా ఒక విద్యేనాండీ? ఆత్రేయపురం ఆడవాళ్ళు కుండ మీద రేకు తీసి పూతరేకు చుట్టేనాటికి అమెరికా వాళ్ళకి అట్టంటేనే తెలీదు" అని నేను కలిపాను. మగపెళ్ళివారు "ఆయ్, ఆయ్" అన్నారు. ఆ 'ఆయ్' వింటే నాకు పూనకం వస్తుంది. దాంతో అసలు ఘట్టంలోకి దిగాను.

మా మేనత్తది వేదం చదువుకున్న ఇల్లు. గ్లాసు పెదవికి తగిలితే ఎంగిలి. కాఫీ అయినా ఎత్తి పోసుకోవాల్సిందే. నా చిన్నప్పుడు, అమలాపురంలో కోను కొత్తగా వచ్చిన వేసవిలో, ఆవిడ నన్ను బట్టలకొట్టుకు తీసుకెళ్ళింది. పక్కనే ఐస్‌క్రీమ్ కొట్టు. గాజు కప్పులో అయితే ఎవరి ఎంగిలో అని ససేమిరా అంది. కోను చూపిస్తే, ఎవరూ వాడని పాత్ర కదా అని ఒప్పుకుంది. తలెత్తి, జానెడు ఎత్తు నుంచి, చుక్క పెదవికి తగలకుండా కరిగిన ఐస్‌క్రీమ్ గొంతులో పోసుకుంది. బజారు జనమంతా, రెండు ఆర్టీసీ బస్సులతో సహా, ఆగి చూశారు. ఖాళీ కోను కొంగున కట్టుకుని ఇంటికొచ్చి, నూతి చప్టా మీద కొబ్బరిపీచూ చింతపండూ పెట్టి తోమి, నీళ్ళు పోసింది. ఇంకెక్కడి కోను? అరటి పాదులోకి పోయింది. ఆ ఏడు మా వాళ్ళ గెలలన్నీ ఐస్‌క్రీమ్ వాసనే.

ఈ కథ ఏళ్ళ తరబడి చెబుతున్నాను. ఎప్పుడు చెప్పినా ఆవిడ చుట్టుపక్కల లేకుండా చూసుకునేవాణ్ణి. ఆ సాయంత్రం చూసుకోలేదు. ఆవిడ నా వెనక కుర్చీలోనే కూర్చుని ఉంది.

పెళ్ళికొడుకు తల్లి నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ అత్తయ్య వైపు తిరిగింది. "ఏవండీ పిన్నిగారూ, నిజవేనా? అయితే మా కోడలికి కోన్లు కడగడం కూడా నేర్పించే పంపుతున్నారన్నమాట!"

పందిరంతా గొల్లుమంది. పెళ్ళికూతురి మొహం చిన్నబోయింది. ఎనభై దాటిన మనిషి, కొత్త వియ్యాలవారి ముందు నవ్వులపాలై కూర్చుంది. 'వాడి మొహం, అబద్ధం' అంటే చాలు, ఆ నవ్వుల్లోంచి బయటపడుతుంది. ఆవిడ ఒక్కసారి నా వైపు చూసి, పెళ్ళికొడుకు తల్లితో అంది:

"ఆయ్, నేనేనండీ కడిగేను. కడక్కుండా మా ఇంట్లో ఏదీ లోపలికి రాదు మరి. మీ కోడలూ అంతేనండోయ్, కాసుకోండి!"

"అమ్మబాబోయ్!" అంటూ పెళ్ళికొడుకు తల్లొచ్చి అత్తయ్య చేతులు పట్టుకుంది. పెళ్ళికూతురు కూడా నవ్వేసింది. నా చేతిలో ఐస్‌క్రీమ్ కరిగి మోచేతి దాకా కారుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

అందరూ అటు కదిలాక అత్తయ్య వేలితో నన్ను పిలిచింది.

"ఇంతసేపు వాగేవు, గొంతెండిపోయుంటుంది. తినేసెయ్యరా. ఈసారి కడక్కు."

అదండీ సంగతి. బస్సులు ఆగడం, కొబ్బరిపీచు, అరటిగెలలు మీరెలాగూ కొట్టేసి ఉంటారు. అసలు అబద్ధం మీరు కొట్టెయ్యని సగంలో ఉంది. ఆ రోజు ఆవిడ ఐస్‌క్రీమ్ ముట్టనే లేదు. నాకే కొనిపెట్టింది. నేను పైదంతా తినేసి, కోను ఆవిడకి పెడదామని జేబులో దాచి తెచ్చాను. ఎంగిలిది తినదు కదా అని నూతి దగ్గర శుభ్రంగా కడిగాను. చేతిలో ముద్దయిపోతే వెక్కి వెక్కి ఏడ్చాను. బావలకి తెలిస్తే జన్మంతా వేళాకోళం చేస్తారని నేను బతిమాలితే, ఎవరికీ చెప్పనని ఆవిడ మాటిచ్చింది.

నీళ్ళు తగిలిన కోను నిమిషమైనా నిలవలేదు. ఆ మాట మాత్రం, ఇన్నేళ్ళయినా, ఆవిడ దగ్గర అలాగే ఉంది.